మూడున్నర లక్షల బాకు: నా అనుభవం

జపాను నౌకాదళ అధికారి నడుముకి ఒకప్పుడు వేలాడిన బాకుని అమ్మిపెట్టే పని కిందటేడాది నా మీద పడింది. దాని సొంతదారు ఇక్కడ అమెరికాలోని కొలంబస్‌లో మా వీధిలోనే ఉంటారు, డెబ్భై దాటిన పెద్దావిడ. వాళ్ళ నాన్నగారు అమెరికన్ మెరైన్, అంటే ఓడల్లో వెళ్ళి తీరాల్లో దిగి పోరాడే సైనికుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దీన్ని జపాను నుంచి తెచ్చుకున్నారు. ఆయన పోయాక అది అటక మీద ఒక చెక్కపెట్టెలో ఉండిపోయింది. నాకు జపాను కత్తుల పిచ్చి ఉందని వీధిలో తెలియనివాళ్ళు లేరు కాబట్టి ఆవిడ నాకు కబురు పెట్టారు. అప్పటికే పాత సామాన్ల కొట్టతను ఒకడు చూసి 250 డాలర్లు ఇస్తానన్నాడట, అదీ వెంటనే ఇచ్చేస్తేనే అని.

చివరికి అది వేలంలో 3,400 డాలర్లకు పోయింది. కొన్నాయన వేలం కంపెనీ రుసుము కలుపుకుని 4,080 కట్టారు. మన లెక్కలో దాదాపు మూడున్నర లక్షల రూపాయలు. కూరగాయ కూడా సరిగ్గా తెగని కత్తికి అంత డబ్బు ఎందుకు పెడతారని ఇండియాలో మా వాళ్ళందరూ అడిగారు. 250కీ 4,080కీ మధ్య తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మొదటి నుంచీ దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా పిచ్చి హైదరాబాదులో మొదలైంది. ఇంటర్ చదివే రోజుల్లో సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాను గదిలోకి వెళ్తే బయటికి వచ్చేవాణ్ణి కాదు. అమెరికా వచ్చాక పుస్తకాలు, ఆ తరవాత ఒకటీ అరా పాత కత్తులు. నౌకాదళ బాకులు మాత్రం నా చేతిలోకి పెద్దగా రాలేదు.

వీటి గురించి ముందు కొంచెం చెప్పాలి. 1876లో జపాను చక్రవర్తి మెయిజీ కాలపు ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరిగే హక్కు సమురాయిల దగ్గర తీసేసుకుంది. సైన్యానికీ పోలీసులకీ మాత్రం మినహాయింపు. శతాబ్దాలుగా ఒక వర్గానికి పుట్టుకతో వచ్చిన హక్కు ఆ రోజు నుంచి ఉద్యోగంతో వచ్చే హక్కు అయింది. 1883లో నౌకాదళం తన అధికారులకి ఒక పొట్టి బాకుని నిర్ణయించింది. జపాను భాషలో దాన్ని 'తాన్‌కెన్' అంటారు. తెల్లటి స్టింగ్‌రే చేప తోలు చుట్టిన పిడి, దాని మీద బంగారు ములాము తీగ, చెర్రీ పువ్వులు చెక్కిన ఇత్తడి తొడుగులు, నల్లటి ఒర. యుద్ధంలో పొడవడానికి చేసింది కాదు. హిరోషిమా దగ్గర ఎతాజిమాలో ఉన్న నౌకాదళ అకాడమీలో చేరిన కుర్రాడికి పొట్టి కోటు, నడుముకి ఈ బాకు వచ్చాయంటే ఊళ్ళో వాళ్ళ ఇంటి పరువే మారిపోయేది.

అధికారులు తమ కత్తులూ బాకులూ సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి. అసలు ధరల్లో తేడాకి మూలం ఇక్కడే ఉంది. ప్రభుత్వం ఇచ్చినవైతే అన్నీ ఒకేలా ఉండేవి. కొనుక్కున్నవి కాబట్టి ఎవరి స్తోమత వాళ్ళది. ఎక్కువమంది మెషీను మీద తయారైన, మెరుగు పూత పూసిన ఉక్కు బ్లేడుతో సరిపెట్టుకున్నారు. కలిగినవాళ్ళు ఒరకి కూడా చేప తోలే వేయించుకుని, దాన్ని అరగదీయించి లక్క పూత పెట్టించుకున్నారు. ఇంకా కొద్దిమంది, లోపల బ్లేడు సంప్రదాయ కమ్మరి చేత కొట్టించుకున్నారు, లేదా ఇంట్లో తాతల నాటి చిన్న కత్తినే ఇందులో అమర్చుకున్నారు. మూసి ఉన్నప్పుడు పై నుంచి చూస్తే ఇవన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. కొట్టతను చూసింది ఆ పై భాగమే.

ఆవిడ వంటింటి బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి పెట్టె తెరిచాం. చేతులకి నూలు గ్లౌజులు వేసుకున్నాను, ఎందుకంటే పాత ఉక్కు మీద వేలిముద్ర పడితే కొన్నాళ్ళకి అదే ఆకారంలో తుప్పు పడుతుంది. ముందు ఒర చూశాను. నల్ల లక్క కింద చిన్న చిన్న తెల్లటి గుండ్రాలు కనిపిస్తున్నాయి. ఒకటి చిన్నది, పక్కది పెద్దది, ఏదీ ఇంకోదానిలా లేదు. చేప తోలు మీద సహజంగా ఉండే బొడిపెల్ని అరగదీస్తే మిగిలే గుర్తులు అవి. తోలు రెండు అంచులూ కలిసే గీత వెనకవైపు నిలువునా సన్నగా వెళ్ళింది. ఇది మొదటి మంచి సంగతి. తోలు గుడ్డి నలుపుగా ఉన్న మామూలు ఒర అయితే నేను కూడా అంత ఆశ పెట్టుకునేవాణ్ణి కాదు.

పిడి దగ్గర ఒక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితేనే బాకు ఒరలోంచి వస్తుంది. ఎనభై ఏళ్ళయినా ఆ స్ప్రింగు టక్కుమని పనిచేసింది. బ్లేడు బయటికి రాగానే పెద్దావిడ, "ఎంత మాసిపోయిందో చూడు, మెరుగు పెట్టిస్తే ఇంకా ఎక్కువ ధర వస్తుందేమో" అన్నారు. వద్దంటే వద్దని బతిమాలాను. ఎందుకంటే ఆ మాసిపోవడమే నాకు కావలసింది. మెషీను బ్లేడు అయితే పూత వల్ల అద్దంలా మెరుస్తుంది, లేదంటే పూత పొలుసులుగా లేచిపోయి ఉంటుంది. ఇది మెరవట్లేదు, పొలుసులూ లేవు.

గదిలో దీపాలన్నీ ఆర్పించి ఒక్క బల్బు ఉంచి, దాని కిందికి బ్లేడుని ఏటవాలుగా తెచ్చాను. తిప్పుతూ ఉంటే ఒకచోట వెలుతురు పట్టుకుంది. పదునైన అంచుకి కొంచెం పైన, మొదలు నుంచి మొన దాకా, తెల్లని మసక గీత ఒకటి కనిపించింది. దాన్నే 'హమోన్' అంటారు. బ్లేడుకి మట్టి పూసి, వీపు వైపు మందంగా, అంచు వైపు పల్చగా ఉంచి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతారు. పల్చగా ఉన్నచోట ఉక్కు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది, మందంగా ఉన్నచోట మెల్లిగా చల్లారి మెత్తగా మిగులుతుంది. ఆ రెంటికీ మధ్య సరిహద్దే హమోన్. ఆసిడ్‌తో దొంగ గీత గీసేవాళ్ళు ఉన్నారు. అది ఉక్కు పైనే ఉంటుంది, కాంతి ఎటు తిప్పినా మారదు. నిజమైన గీత కాంతితో పాటు కదులుతుంది, లోపల సన్నని మెరుపు రేణువులు కనపడతాయి. ఆవిడకి కూడా చూపించాను. "నాన్న చేతిలో ఇన్నేళ్ళు ఉంది, ఈ గీత ఉందని మాకెవరికీ తెలీదు" అన్నారు.

తరవాత పిడి విప్పాలి. పిడికి అడ్డంగా ఉన్న చిన్న స్క్రూ తీస్తే లోపల దాగిన తోక భాగం బయటపడుతుంది. జపాను కత్తుల లోకంలో దాని పేరు 'నకాగో'. కత్తి వయసు చెప్పేది ఇదే. దీని మీద తుప్పుని ఎవరూ తాకకూడదు, నూనె కూడా రాయకూడదు. ఆ తుప్పు రంగుని బట్టే ఎన్నేళ్ళదో అంచనా వేస్తారు. శుభ్రం చేస్తే కత్తి పుట్టిన తేదీని తుడిచేసినట్టే. మెషీను బ్లేడుల మీద ఇక్కడ సాధారణంగా ఏమీ ఉండదు. పొడుగు సైనిక కత్తుల్లో అయితే చాలావాటి మీద కొట్టు ముద్ర, తనిఖీ ముద్ర ఉంటాయి. గిఫు ప్రాంతంలోని సెకి ఊరి ముద్ర ఉంటే, అది సంప్రదాయ పద్ధతిలో చేసినది కాకపోవచ్చని అర్థం. మా బాకు మీద ముద్ర లేదు. ఒకవైపు నాలుగు అక్షరాలు ఉలితో చెక్కి ఉన్నాయి, కమ్మరి సంతకం. రెండోవైపు తేదీ.

సంతకం చదవడం నా వల్ల కాలేదు, కానీ తేదీ చదవగలిగాను. షోవా పదిహేడు, రెండో నెల, ఒక రోజు. ఏ రోజో రాయరు, ఆ కమ్మరుల ఆచారం అది. షోవా అంటే అప్పటి చక్రవర్తి పాలనాకాలం పేరు. షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది. అంటే 1942.

ఆ సంవత్సరం విని ఊరుకోలేకపోయాను. ఆ రాత్రి విశాఖపట్నంలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ హార్బరు మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది జపాను నౌకాదళ విమానాలే, రియుజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చినవి. అదే సమయంలో జపాను అడ్మిరల్ ఓజావా నాయకత్వంలోని నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచాయి. ఆ నౌకల మీద అధికారులు నడుముకి కట్టుకున్నవి సరిగ్గా ఇలాంటి బాకులే. మా అమ్మమ్మవాళ్ళు ఆ వారంలోనే ఊరు ఖాళీ చేసి బండి కట్టుకుని లోపలి పల్లెకి పోయారని చిన్నప్పటి నుంచీ వింటున్న కథ. అమ్మ అంతా విని, "ఒరే నాన్నా, మన మీద బాంబులేసినోళ్ళ కత్తిని నువ్వు గ్లౌజులేసుకుని ముట్టుకుంటున్నావా?" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం పట్టుకుంది. సేకరణ చేసేవాళ్ళలో కొందరు ఈ ప్రశ్న వినపడగానే మొహం తిప్పుకుంటారు. నేను తిప్పుకోను. చైనాలో, బర్మాలో, అండమాన్లలో ఆ సైన్యం చేసింది చిన్నది కాదు. బాకు అందాన్ని మెచ్చుకుంటూ అది ఏ యూనిఫాం మీద వేలాడిందో మర్చిపోవడం నాకు ఇష్టం లేదు. కానీ దాన్ని కరిగించేస్తేనో చెరువులో పడేస్తేనో ఆ చరిత్ర మారదు. ఆధారాలతో, తేదీతో, ఎవరు ఎక్కడ తీసుకున్నారో రాతపూర్వకంగా ఉన్న ఒక వస్తువు మిగలడం మంచిదేనని నా నమ్మకం. అమ్మకీ అదే చెప్పాను. ఒప్పుకుందని చెప్పలేను గానీ ఫోన్ పెట్టేయలేదు.

ఇక ఆధారాల సంగతి. పెట్టె అడుగున ఒక పాత కవరు ఉంది. అందులో మూడు వస్తువులు. మొదటిది అమెరికా సైన్యం వాళ్ళ అనుమతి పత్రం. యుద్ధం నుంచి తెచ్చుకునే వస్తువుల మీద పై అధికారి సంతకం చేసి ఇచ్చేవాళ్ళు, ఇది ఫలానా వాడు తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని. రెండోది ఒక ఫోటో, జపానులోని సాసెబో రేవులో పాతికేళ్ళ మెరైన్ ఆ బాకుని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ నాన్నగారు అయిదో మెరైన్ డివిజన్లో ఉన్నారు. ఆ డివిజన్ 1945 ఫిబ్రవరిలో జపాను దీవి ఐవో జిమాలో దిగింది, సెప్టెంబరు 22న సాసెబోలో దిగింది. సాసెబో పెద్ద నౌకాదళ స్థావరం. అక్కడ నౌకాదళ బాకు దొరకడంలో వింత లేదు. కాగితం, ఫోటో, డివిజన్ ప్రయాణం, వస్తువు నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి.

మూడోది చిన్న చెక్క పలక, దారం కట్టి ఉంది. దాని మీద సిరాతో జపాను రాత. ఆయుధాలు అప్పగించమన్నప్పుడు కొందరు అధికారులు ఎప్పటికైనా తిరిగి వస్తుందన్న ఆశతో పేరూ ఊరూ రాసి ఇలా కట్టేవారు. కొలంబస్‌లో నాకు తెలిసిన జపాను స్నేహితురాలు చదివి పెట్టింది. నౌకాదళ లెఫ్టినెంటు, ఇంటిపేరు, పేరు, కగోషిమా ప్రాంతంలో ఒక గ్రామం. చదివాక తను చాలాసేపు ఆ పలకని చేతిలోనే ఉంచుకుంది.

పెద్దావిడ ఒకటే అన్నారు. "వాళ్ళ వాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చేద్దాం. లేకపోతేనే అమ్ముదాం." ఆ తరవాత కొన్ని నెలలు ఆ పని మీదే ఉన్నాం.

జపానుకి కత్తిని తిరిగి పంపడం తేలిక కాదు. 1958 నాటి అక్కడి ఆయుధాల చట్టం ప్రకారం కత్తి ఉంచుకోవాలంటే దానికి రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. ఆ కాగితం మనిషికి కాదు, కత్తికి. ప్రాంతీయ విద్యా మండలి నిపుణులు చూసి, చేత్తో సంప్రదాయ పద్ధతిలో చేసిన కళావస్తువు అని తేలిస్తేనే ఇస్తారు. మెషీను మీద చేసిన సైనిక కత్తులకి ఇవ్వరు. యుద్ధకాలపు మామూలు నౌకాదళ బాకుని తిరిగి పంపితే దాన్ని నాశనం చేసే అవకాశమే ఎక్కువ. ప్రేమతో పంపిన వస్తువు కస్టమ్స్‌లోనే ముగిసిపోవచ్చు. మా దానికి కమ్మరి సంతకం ఉంది కాబట్టి ఆశ ఉంది. కానీ తీసుకునే మనిషి ముందు దొరకాలి కదా.

పలక మీద ఉన్న గ్రామం పేరు నేటి పటంలో లేదు. 1950లలో జపాను వేల గ్రామాల్ని కలిపి పట్టణాలుగా చేసింది, ఇదీ అలా కలిసిపోయింది. అది ఇప్పుడు ఏ పట్టణంలో ఉందో స్నేహితురాలు కనిపెట్టి, అక్కడి ఆఫీసుకి జపాను భాషలో చక్కటి ఉత్తరం రాసింది. మర్యాదగా జవాబు వచ్చింది. వ్యక్తిగత వివరాలు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు, క్షమించండి, మీ మంచి మనసుకి కృతజ్ఞతలు అని. ఆ ఇంటిపేరు అక్కడ వందల ఇళ్ళకి ఉందట. అంతకు మించి దారి దొరకలేదు. పెద్దావిడ బాధపడ్డారు, నాకూ బాధేసింది. అప్పుడే అమ్మకం గురించి ఆలోచించాం.

ఫిబ్రవరిలో కెంటకీలోని లూయీవిల్లో 'షో ఆఫ్ షోస్' అని సైనిక వస్తువుల పెద్ద సంత జరుగుతుంది. బాకుని పట్టుకుని అక్కడికి వెళ్ళాను, అమ్మడానికి కాదు, నలుగురికీ చూపించి మాట వినడానికి. ఎక్కడ చూసినా బల్లలు, వాటి మీద హెల్మెట్లు, పతకాలు, కత్తులు. జపాను వస్తువుల వైపు తిరిగే మనుషులు ఒకరినొకరు ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు.

ఒక బల్ల మీద నౌకాదళ బాకు ఒకటి 700 డాలర్లకి పెట్టారు. దూరం నుంచి బాగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే పిడి మీద బొడిపెలన్నీ ఒకే సైజు, ఒకే దూరం, వరసలు వరసలుగా. ప్లాస్టిక్ అచ్చు అది. చెర్రీ పువ్వుల రేకుల అంచులు మెత్తగా, వాటి మధ్య చిన్న చిన్న గాలి గుంటలు. పాత ఇత్తడి పనిలో రేకు రేకుకీ ఉలి మొన తగిలిన గీత తెలుస్తుంది, దీంట్లో ఏ గీతా లేదు. ఇలాంటివి ఈ మధ్య చాలా వస్తున్నాయి. నకిలీలు పెరిగే కొద్దీ, నిజమని నిరూపించగలిగే వాటి ధర ఇంకా పైకి పోతుంది. కొనేవాడు బాకుతో పాటు ధైర్యం కూడా కొనుక్కుంటున్నాడు.

నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న పెద్దాయన ఒకాయన నా బాకు చూడ్డానికి ఒప్పుకున్నారు. ఆ లోకంలో ఒక మాట తెగ వాడతారు, కథని కాదు, వస్తువుని కొనమని. ఆయన కూడా కవరు తీయబోతున్న నన్ను ఆపి, ముందు వస్తువు ఇవ్వమన్నారు. ఒర, పిడి, తొడుగులు అన్నీ ఒకే అరుగుదలతో ఉన్నాయా, ఒక భాగం కొత్తగా ఇంకోటి పాతగా లేదు కదా అని చూశారు. ఒర లోపలికి బ్లేడు బిగువుగా కూర్చుంటోందా అని మెల్లిగా దింపి చూశారు, వేరే బాకు ఒర తెచ్చి తగిలించి ఉంటే అక్కడ దొరికిపోతుంది. తోక మీద సంతకం భూతద్దంతో చదివారు. ఆ కమ్మరి పేరు ఆయన ఎరిగినదే. పెద్ద పేరు కాదు, కానీ చేత్తో పనిచేసిన నమోదైన కమ్మరి. అన్నీ అయ్యాకే, "ఇప్పుడు కాగితాలు చూపించు" అన్నారు.

పలక చూడగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పుడు మొదలుపెట్టి చాలాసేపు చెప్పారు. ఆయన మాటల్లో నాకు అర్థమైంది ఇది.

అరుదు అంటే తక్కువ తయారయింది అని మాత్రమే కాదు. కొన్ని నిజంగా తక్కువమందికే దక్కాయి. ఎతాజిమాలో తరగతిలో మొదటి కొద్దిమందికి చక్రవర్తి పేరున బహుమతిగా ఇచ్చిన బాకులు అందులో పైమెట్టు. వాటికి అక్కడి భాషలో 'ఒన్షి నో తాన్‌కెన్' అని పేరే ఉంది. 1932 నుంచి 1945 దాకా మాత్రమే ఉన్న, చైనా ఈశాన్యంలో జపాను నిలబెట్టిన మంచూకువో రాజ్యపు బాకులు, కొరియా, తైవాన్లలో జపాను పాలనాధికారులు కట్టుకున్నవి, ఇలా చిన్న చిన్న శాఖల రకాలు ఇంకా ఉన్నాయి. వాటి ధరలు వేలల్లో మొదలవుతాయి. కానీ వందలమంది దగ్గర ఉన్న రకం కూడా అరుదు కావచ్చు, మిగిలిన విధానాన్ని బట్టి. 1945లో అమెరికన్ సైన్యం జపానులో కత్తులన్నీ అప్పగించమంది. లెక్కలేనన్ని సముద్రంలో పారేశారు, కరిగించారు. టోక్యోలోని అకాబానే డిపోలో పోగుపడ్డ గుట్టల్లోంచి కళావిలువ ఉన్నవని అయిదు వేలకు పైగా మాత్రం నిపుణులు ఏరి కాపాడగలిగారు. సైనికుల సంచుల్లో సముద్రం దాటినవి ఇంకో దారిలో బతికాయి. అందుకే ఈ రోజు జపాను నౌకాదళ బాకులు కావాలంటే జపానులో కంటే ఒహాయోలో, ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో ఎక్కువ దొరుకుతాయి.

అలా బతికిన వాటిలోనూ కాగితాలు పోయినవి ఎక్కువ. తాత పోతాడు, పిల్లలు బాకుని ఒకరు, ఫోటోని ఒకరు, యూనిఫాంని ఒకరు పంచుకుంటారు. పలక చెత్తలోకి పోతుంది. ఇంకెవరో బ్లేడుకి మెరుగు పెట్టిస్తారు. మన ఊళ్ళో పాత స్థలం కొనేవాళ్ళు లింకు దస్తావేజులు అన్నీ వరసగా ఉన్నాయా అని ఎలా చూస్తారో, వీళ్ళూ అలాగే చూస్తారు. మధ్యలో ఒక్క కాగితం లేకపోయినా ధర సగానికి పడుతుంది. పెద్దావిడ కుటుంబం ఎనభై ఏళ్ళు దేన్నీ కదిలించకుండా ఒకే పెట్టెలో ఉంచింది. వాళ్ళకి తెలియకుండానే ఆ బాకు విలువని కాపాడింది ఆ అటకే.

చేత్తో చేసిన బ్లేడు ఎందుకు అంత ముఖ్యమో కూడా ఆయనే చెప్పారు. 1876 తరవాత కొనేవాళ్ళు లేక కమ్మరులు వంటింటి కత్తులకి, కొడవళ్ళకి మళ్ళారు. 1933లో టోక్యోలోని యాసుకుని ఆలయ ప్రాంగణంలో కమ్మరుల సంఘం ఒకటి పెట్టి పాత విద్యని మళ్ళీ నిలబెట్టారు. షిమానే కొండల్లో ఇసుక ఇనుముని కరిగించి ఉక్కు తీసే పాత కొలిమిని కూడా వాళ్ళ కోసమే తిరిగి వెలిగించారు. 1945తో అదీ ఆగిపోయింది. అంటే పన్నెండేళ్ళ చిన్న కాలం. ఆ కాలంలో ఒక కమ్మరి కొట్టిన ఎనిమిది అంగుళాల బ్లేడు, సంతకం తేదీ చెక్కు చెదరకుండా, అదే అధికారి ఒరలో, అదే అధికారి పేరు పలకతో దొరకడం ఆయన నలభై ఏళ్ళలో కొన్నిసార్లే చూశారట. "నువ్వు దీన్ని విడగొట్టి అమ్మొద్దు. కాగితాలతో సహా ఒకే లాటుగా వేలంలో పెట్టు" అన్నారు. తనే కొంటానని అనలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ మాటకే.

వేలం కంపెనీకి పంపే ముందు వర్ణన రాసే పని నేను తీసుకున్నాను. వాళ్ళ మనిషి రాసిన మొదటి ముసాయిదాలో "వీర సమురాయి సంప్రదాయం" అని ఒక వాక్యం ఉంది. తీయించాను. ఈ బాకు సమురాయిది కాదు, 1942లో ఆధునిక నౌకాదళంలో ఉద్యోగం చేసిన లెఫ్టినెంటుది. బ్లేడు, తోక, సంతకం, తేదీ, ఒర వెనక తోలు అతుకు, స్క్రూ, స్ప్రింగు, పలక రెండు వైపులూ, అన్నిటికీ దగ్గర ఫోటోలు పెట్టించాను. ఒర మీద ఒకచోట లక్క లేచిపోయిన మచ్చ ఉంది, దానికి విడిగా ఫోటో. లోపం దాచితే కొనేవాడికి అనుమానం మొదలవుతుంది, ఒక్కసారి అనుమానం వచ్చాక ఏ కాగితమూ నమ్మించలేదు.

వేలం రోజు పెద్దావిడ వంటింట్లోనే కూర్చుని కంప్యూటర్లో చూశాం. అదే వేలంలో మా కంటే ముందు మామూలు నౌకాదళ బాకు ఒకటి వచ్చింది. మెషీను బ్లేడు, తోలు ఒర, కాగితాలేవీ లేవు. 550కి పోయింది. మాది 800 దగ్గర మొదలై 2,000 దాకా నలుగురైదుగురు పాడారు, ఆ తరవాత ఇద్దరే మిగిలారు. 3,400 దగ్గర ఒకరు ఆగిపోయారు. అమ్మకం రుసుము పదిహేను శాతం పోను ఆవిడకి 2,890 డాలర్లు వచ్చాయి. కొట్టతను అన్న ధరకి పదకొండు రెట్లు పైనే.

ఇది చదివి ఇండియాకి ఒకటి తెప్పించుకుందామని ఎవరైనా అనుకుంటే తొందరపడొద్దు. మన ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడుగో రెండు అంగుళాల వెడల్పో దాటిన పదును కత్తులకి లైసెన్సు గొడవ ఉంది, దిగుమతి వేరే తలనొప్పి. బాకులు ఆ కొలత లోపలే ఉంటాయి కదా అని కస్టమ్స్ వాళ్ళతో వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. ముందు లాయరుని అడగండి.

కొన్నాయన వేలం కంపెనీ ద్వారా నాకు ఉత్తరం రాశారు. సాసెబో స్థావరానికి సంబంధించిన వస్తువులు మాత్రమే పోగుచేస్తారట. మామూలు బాకులు ఆయన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. అంత ధర ఎందుకు పెట్టారని అడిగాను. తన దగ్గరున్న వాటిలో దేనికీ కట్టుకున్న మనిషి పేరు లేదని, దీనికి ఉందని, ఇంకోసారి ఇలాంటిది వస్తుందో రాదో అని, ఆగలేకపోయానని రాశారు. ఆ కుటుంబం కోసం మేం వెతికామని వేలం వర్ణనలో చూశారట. తనకి, కగోషిమా ఉన్న క్యూషూ దీవిలో, స్థానిక చరిత్ర రాసే స్నేహితులు ఉన్నారని, వాళ్ళ ద్వారా ఆ వెతుకులాట కొనసాగిస్తానని, ఎవరైనా దొరికితే ముందు పెద్దావిడకే చెబుతానని మాట ఇచ్చారు. మేం రాసిన ఉత్తరం, పట్టణం ఆఫీసు నుంచి వచ్చిన జవాబు, వాటి నకళ్ళు పంపగలరా అని అడిగారు. స్నేహితురాలి అనువాదంతో సహా పంపించాను. అనుమతి పత్రం, ఫోటో ఉంచిన ఫైల్లోనే వాటినీ పెట్టానని తిరుగు జవాబు రాశారు.